ప్రతినిధి చేసిన పనికి లెక్క అడుగుదాం
(ప్రసంగ పాఠం)



 ఈ సభలో మేము ప్రస్తావించదలచిన ప్రశ్న చాలా సాదాసీదాది. మనం ఓటు వేసి పంపిన ప్రతినిధి ఇటీవలి కాలంలో మన కోసం ఏమి చేశారు? నియోజకవర్గంలో ఏమి చేశారు? చట్టసభలో, ప్రభుత్వంలో ఏమి చేశారు? ఈ రెంటినీ కలిపి లెక్క చూసే అలవాటు మన సమాజంలో ఇంకా బలపడలేదు. ఎన్నికల వేళ టోపీ ధరించి మన వీధికి వచ్చారా, రంజాన్‌లో ఇఫ్తార్ విందు ఇచ్చారా, నికాహ్‌కు హాజరయ్యారా అన్న వాటినే మనం ఎక్కువగా గుర్తుంచుకుంటున్నాము. అవి మర్యాదలు. వాటిని తప్పు పట్టనక్కరలేదు. కాని ఓటు ఒక అమానత్. అమానత్‌ను అప్పగించినవారికి లెక్క అడిగే హక్కు ఉన్నది, స్వీకరించినవారికి లెక్క చెప్పవలసిన బాధ్యత ఉన్నది.

మేము ఏ పార్టీకీ ప్రచారకులము కాము. కొందరు నాయకుల పేర్లు ప్రస్తావించినా, అది పొగడ్త కోసమో నింద కోసమో కాదు. పనిని కొలవడం ఎట్లాగో చూపడానికే.

ముందుగా మన సంఖ్య ఎంతో చూద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు కలిపి లోక్‌సభలో 42 స్థానాలున్నవి. 2024 ఎన్నికలలో వాటి నుండి గెలిచిన ముస్లిం సభ్యుడు ఒక్కరే, హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ గారు. 2023లో తెలంగాణ శాసనసభలోని 119 స్థానాలకు జరిగిన ఎన్నికలలో ఏడుగురు ముస్లింలు గెలిచారు. ఆ ఏడుగురూ హైదరాబాదు నగరం నుండి వచ్చినవారే. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాలలో మనవారు గెలిచినవి మూడు: నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె. అంటే తెలుగు నేలపై నివసించే ముస్లిం కుటుంబాలలో అత్యధికులకు ప్రతినిధి ముస్లిమేతరుడే. కనుక "మనవాడు లేడు, ఎవరిని అడగాలి" అన్న మాటను మనం విడిచిపెట్టవలసి ఉన్నది. మన ఓటు ఎవరికి చేరిందో, ఎవరిని గెలిపించిందో, లెక్క వారే చెప్పాలి.

ఇక చట్టసభ పనికి వద్దాం. ఇటీవలి కాలంలో మన ఆస్తులపై, మన సంస్థలపై అత్యధిక ప్రభావం చూపినది వక్ఫ్ సవరణ చట్టం. ఆ బిల్లును 2024 ఆగస్టు 8న లోక్‌సభలో ప్రవేశపెట్టి, 31 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపించారు. అందులో తెలుగు రాష్ట్రాల నుండి ఒవైసీ గారితో పాటు తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, భారతీయ జనతా పార్టీలకు చెందిన సభ్యులు కూడా ఉన్నారు. నెలల తరబడి సాక్ష్యాలు విన్నారు. చివరికి 655 పుటల ముసాయిదా నివేదిక ఆమోదానికి ముందటి రాత్రి మాత్రమే తమ చేతికి వచ్చిందని ప్రతిపక్ష సభ్యులు ఫిర్యాదు చేశారు. ప్రతిపక్ష సభ్యులు అసమ్మతి పత్రాలు సమర్పించారు. నివేదికను సభ ముందు ఉంచిన 2025 ఫిబ్రవరి 13న, ఆ పత్రాలలోని కొన్ని భాగాలను తొలగించారంటూ ఉభయ సభలలో నిరసన వ్యక్తమైనది. ఆ తరువాతనే వాటిని నివేదికకు జత చేశారు.

ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటిన తరువాత లోక్‌సభలో ఓటింగు జరిగినది. అనుకూలంగా 288, వ్యతిరేకంగా 232. మరునాటి అర్ధరాత్రి దాటాక రాజ్యసభలో 128, 95. రాష్ట్రపతి ఆమోదంతో ఏప్రిల్ 8 నుండి చట్టం అమలులోకి వచ్చినది. చర్చ ముగింపులో ఒవైసీ గారు బిల్లు ప్రతిని చించిన దృశ్యాన్ని మనమందరం ఫోన్లలో పదే పదే చూశాము, ఒకరికొకరం పంపుకున్నాము. కాని అంతకు ముందు ఆయన సంఘానికి ఇచ్చిన అసమ్మతి పత్రాన్ని మనలో ఎంతమందిమి చదివాము? ఆ తరువాత సుప్రీంకోర్టులో ఆయన దాఖలు చేసిన పిటిషన్‌లో ఏ అధికరణాలను ప్రస్తావించారో ఎంతమందిమి తెలుసుకున్నాము? చించిన కాగితం ఒక క్షణపు వార్త. అసమ్మతి పత్రం పార్లమెంటు రికార్డులో శాశ్వతంగా నిలుస్తుంది. ప్రతినిధి పనిని కొలిచేటప్పుడు ఈ తేడాను గుర్తించడం నేర్చుకోవాలి.

తెలుగు రాష్ట్రాలలోని ఇతర పార్టీలను కూడా ఇదే తూకంలో ఉంచుదాం. తెలుగుదేశం, జనసేన, భాజపా బిల్లును సమర్థించినవి. కాంగ్రెస్, వైఎస్సార్ కాంగ్రెస్, భారత రాష్ట్ర సమితి, మజ్లిస్ వ్యతిరేకించినవి. తెలుగుదేశం తాను సూచించిన సవరణలను సంఘం అంగీకరించిందని చెప్పినది. అప్పటికే నమోదైన వాడుక వక్ఫ్‌లను తిరగదోడరాదన్నది వాటిలో ఒకటి. అయితే వివాదంలో ఉన్న ఆస్తులకు, ప్రభుత్వ భూమిగా చెప్పబడుతున్న వాటికి ఆ రక్షణ వర్తించదు. కనుక ఆ సవరణ వలన మన ఊరి ఖబరస్తాన్‌కు, ఈద్గాకు, ఆషుర్‌ఖానాకు ఎంత మేలు జరిగిందో ఆయా నియోజకవర్గాల ప్రజలు తమ సభ్యుని పిలిచి అడగవలసి ఉన్నది. సమర్థించినవారు ఎందుకు సమర్థించారో చెప్పాలి. వ్యతిరేకించినవారు ఓటు వేసి ఊరుకున్నారా, ఆ తరువాత ఏమైనా చేశారా అన్నది చెప్పాలి.

ఎందుకంటే అసలు పని చట్టం వచ్చిన తరువాతనే మొదలైనది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చినది. ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్న వ్యక్తి మాత్రమే వక్ఫ్ చేయగలడన్న నిబంధనను నిలిపివేసినది. ఆస్తి ప్రభుత్వానిదా కాదా అని ప్రభుత్వాధికారియే తేల్చే ఏర్పాటును కూడా నిలిపివేసినది. కాని నమోదు నిబంధనను నిలిపివేయలేదు. జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల వ్యవధి డిసెంబరు తొలివారంలో ముగిసినది. వ్యవధిని అందరికీ కలిపి పొడిగించడానికి డిసెంబరు 1న సుప్రీంకోర్టు నిరాకరించి, అవసరమైనవారు వక్ఫ్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునని సూచించినది.

ఇక్కడనే ఇంటి పని, ప్రభుత్వ పని ఒకటిగా కలుస్తాయి. ఒక చిన్న పల్లెలోని ముతవల్లికి కంప్యూటరు తెలియకపోవచ్చును. సర్వే నంబరు పాత రికార్డులో ఒక విధంగా, కొత్త రికార్డులో మరొక విధంగా ఉండవచ్చును. గెజెట్ ప్రతి వక్ఫ్ బోర్డు కార్యాలయంలో ఉంటుంది, భూమి రికార్డు తహసీల్దారు దగ్గర ఉంటుంది. ఈ రెండు కార్యాలయాలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగల శక్తి ఆ ముతవల్లికి లేదు. శాసనసభ్యునికి ఉన్నది. పార్లమెంటు సభ్యునికి ఉన్నది. ఆ పని జరగకపోతే పూర్వీకులు నిద్రించే నేలే వివాదంలో పడుతుంది. కనుక మీ నియోజకవర్గంలో ఎన్ని వక్ఫ్ ఆస్తులు నమోదైనవి, ఎన్ని మిగిలినవి, మిగిలిన వాటి కోసం ట్రిబ్యునల్‌కు ఎవరు వెళ్లారు అన్న మూడు ప్రశ్నలను రాతపూర్వకంగా మీ సభ్యునికి ఇవ్వండి.

చట్టసభలో ఒక్క ప్రశ్న ఎంత పని చేయగలదో మరొక ఉదాహరణ చెబుతాము. మైనారిటీ విద్యార్థుల పరిశోధనకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుండి నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో లోక్‌సభలో కేంద్రమంత్రి వెల్లడించారు. ఆ మాట బయటికి రావడానికి కారణం కేరళలోని త్రిసూర్ సభ్యుడు టి.ఎన్. ప్రతాపన్ అడిగిన ప్రశ్న. ఆయన ముస్లిం కాదు. కాని ఆయన అడిగినందువల్లనే దేశమంతటా మన విద్యార్థులకు ఆ సంగతి తెలిసి, ఆందోళనకు వీలు కలిగినది. అదే సంవత్సరం నుండి ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కూడా తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. ఒకటి నుండి ఎనిమిది వరకు చదివే మన పిల్లలు దానిని కోల్పోయారు. మన 42 మంది సభ్యులలో ఎవరు, ఎన్నిసార్లు, ఈ విషయమై ప్రశ్న వేశారు? లోక్‌సభ, రాజ్యసభలలో అడిగిన ప్రతి ప్రశ్నా, వచ్చిన ప్రతి జవాబూ అధికారికంగా ప్రచురితమవుతాయి. మన కళాశాల విద్యార్థులు నలుగురు కూర్చుంటే ఒక సాయంత్రంలో ఆ లెక్క తీయగలరు.

చట్టం చేయడమే కాదు, నిలబడేటట్లు చేయడం ముఖ్యమన్న పాఠాన్ని మన రిజర్వేషన్ చరిత్ర నేర్పినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఇచ్చిన ఐదు శాతం ఉత్తర్వును ఆ సంవత్సరమే హైకోర్టు కొట్టివేసినది. 2005లో చేసిన చట్టం కూడా ఆ సంవత్సరమే వీగిపోయినది. సమాజమంతటినీ ఒకే వర్గంగా పరిగణించిన తీరును, విచారణ జరిపిన పద్ధతిని న్యాయస్థానం అంగీకరించలేదు. అప్పుడు విశ్రాంత అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం చేసి, వెనుకబడిన ముస్లిం వర్గాలను విడిగా గుర్తించారు. బి.సి. కమిషన్ విచారణ జరిగినది. 2007లో బి.సి.-ఇ కింద నాలుగు శాతం చట్టమైనది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనిని కూడా కొట్టివేసినా, మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వలన అది నేటికీ నడుస్తున్నది. ఆ ఉత్తర్వు నీడలోనే మన బిడ్డలు ఎందరో వైద్యులుగా, ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా ఎదిగారు. కాని మధ్యంతర ఉత్తర్వు శాశ్వత హక్కు కాదు. తుది విచారణ నాటికి రెండు రాష్ట్ర ప్రభుత్వాలు తాజా సమాచారంతో, సమర్థులైన న్యాయవాదులతో సిద్ధంగా ఉన్నవా అని శాసనసభలో అడిగేవారు కావాలి. తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్ 16న ఈ కోటాను పన్నెండు శాతానికి పెంచుతూ బిల్లు ఆమోదించి కేంద్రానికి పంపినది. దానికి ఆమోదం రాలేదు. ఆనాడు మనం మిఠాయిలు పంచుకున్నాము. ఆ తరువాత ఎవరు వెంటపడ్డారో మనం అడగలేదు.

నియోజకవర్గంలో చేసే పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. హైదరాబాదు పాతబస్తీ సామాన్యులు దారుస్సలాంకు అర్జీలు పట్టుకుని వెళ్లడం, ప్రతినిధులు కూర్చుని వినడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అటువంటి స్థిరమైన చోటు కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్ వంటి పట్టణాలలోని ముస్లిం కుటుంబాలకూ ఉండాలి. అదే పాతబస్తీకి మెట్రో రైలు మార్గం కోసం 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగినది. ఏళ్ల తరబడి ఆగిన మార్గం రావడం సంతోషకరం. కాని రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం పోయే చిరువ్యాపారికి, అందులో అద్దెకు ఉండే దర్జీకి, గాజుల వ్యాపారికి ఏమి అందినది? యజమానికి పరిహారం చెక్కు వస్తుంది. అద్దెదారుకు ఏమి వస్తుంది? దీనిని పట్టించుకోవడమూ ప్రతినిధి పనిలో భాగమే.

పార్లమెంటు సభ్యునికి స్థానిక అభివృద్ధి పథకం కింద ఏటా ఐదు కోట్ల రూపాయలు కేటాయింపు ఉంటుంది. ప్రార్థనా స్థలాలకు దానిని ఖర్చు చేయరాదు. కాని తాగునీటికి, పాఠశాల గదులకు, మురుగు కాలువలకు చేయవచ్చును. మన వాడలలో ఉర్దూ పాఠశాల కప్పు కారుతుంటే ఆ నిధిని అడగడం యాచన కాదు. అది మనం చెల్లించిన పన్నే.

కనుక మేము ఒక పద్ధతిని మీ ముందు ఉంచుతున్నాము. ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం ఒక పుస్తకం పెట్టాలి. ఎడమ పుటలో మనం ఇచ్చిన అర్జీ, తేదీ, వచ్చిన జవాబు వ్రాయాలి. కుడి పుటలో సభ్యుడు చట్టసభలో వేసిన ప్రశ్న, చేసిన ప్రసంగం, వేసిన ఓటు వ్రాయాలి. సంవత్సరానికి ఒకసారి, ఎన్నికలు లేని నెలలో, సభ్యుని గౌరవంగా ఆహ్వానించి ఆ రెండు పుటలనూ చదివి వినిపించాలి. చేసిన పనికి అందరి ఎదుట ధన్యవాదాలు చెప్పాలి. చేయని పనికి కారణం అడగాలి. ఈ సభలలో మన స్త్రీలు వెనుక వరుసలో కాక ముందు వరుసలో కూర్చోవాలి. స్కాలర్‌షిప్ ఆగినప్పుడు బిడ్డను బడి మాన్పించాలా వద్దా అన్న బాధను మొదట మోసేది తల్లియే. దూదేకుల, మెహతర్, ఫకీరు కుటుంబాల పెద్దలు కూడా ఆ వరుసలోనే ఉండాలి. లెక్క అడిగే సమాజం తనలోని బలహీనుల మాటను ముందుగా వినాలి.

వచ్చే నెల సంచిక నుండి మీరు పంపే ఇటువంటి లెక్కలను, ఏ పార్టీ సభ్యునివైనా సరే, తేడా లేకుండా ప్రచురించడానికి మా పత్రిక సిద్ధంగా ఉన్నది. అర్జీ ప్రతి, ఇచ్చిన తేదీ, జవాబు ప్రతి జతపరచి పంపండి.