కుడిచేతి కర్తృత్వం

విజయనగరంలో, ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరిట స్మారకోపన్యాసం ఇవ్వమనడం నాకు పెద్ద గౌరవం. వారి చరిత్ర ఈ ఊరికి నేను చెప్పనక్కరలేదు. 1919లో సంగీత కళాశాల వెలియడం, ఆదిభట్ల నారాయణదాసుగారి ఏలుబడిలో నాయుడుగారు వాయులీనాచార్యులు కావడం, 1936లో తామే ప్రిన్సిపాల్ కావడం, 1941లో సంగీత కళానిధి బిరుదు, అన్నీ మీరెరిగినవే. నాకు వారిమీద మమకారం ఒక్క కారణానికి: గాయకుడి పక్కనుండే ఫిడేలును వేదిక నడుమ కూర్చోబెట్టారు. రికార్డుల్లో వారి కమాను సాగినంతసేపూ నాకు సాహిత్యం గుర్తుకు రాదు.

అక్కడే నా తగాదా. వాద్యం గాత్రాన్ని అనుసరించాలని, సాహిత్యాక్షరం పడేచోటే మీటు పడాలని మన పండితుల్లో ఒక వర్గం చాలాకాలంగా వాదిస్తోంది. మీటు ఎక్కువైతే అది ఆంధ్ర వైణికుల దోషమని తీర్పు కూడా ఇచ్చింది. ఈ తీర్పును నేను ఒప్పుకోను.

వారు ప్రమాణంగా చూపే గ్రంథమే తీసుకుందాం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. అందులో స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలను వీణ మెట్ల మీద వేలు ఎలా కదలాలో చెప్పి వివరించారు. గమకానికి వీణే కొలమానమైనప్పుడు వీణకు గాత్రం కొలమానం ఎలా అవుతుంది? తానం మాటేమిటి? అక్కడ అనుసరించడానికి సాహిత్యమే లేదు.

ఇక మాటల్లేని సంగీతానికి ఒక పరీక్ష చూడండి. అమెరికాలో ఫ్రెడ్డీ కింగ్ 1960లో ‘హైడ్ అవే’ అనే బ్లూస్ వాద్యకృతిని గిటారు మీద రికార్డు చేశాడు. చికాగోలోని ఒక మద్యశాల పేరే దాని పేరు. హౌండ్ డాగ్ టేలర్ వాయించే బాణీ దానికి మూలమంటారు. పన్నెండు బార్ల ఆవర్తం, దాని మీద వరసగా మారే సంగతులు. కింగ్ బొటనవేలికి ప్లాస్టిక్ నఖం, చూపుడువేలికి లోహపు నఖం తొడుక్కుని మీటేవాడు. 1966లో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ అదే కృతిని, ఆంప్లిఫయర్ గొంతు పెంచి, నాదం బొంగురుపోయేదాకా వాయించాడు. తరవాత స్టీవీ రే వాన్ కూడా దాన్ని అందుకున్నాడు. వరస అదే, ఆవర్తం అదే. అయినా వినేవారు ఒక్క క్షణంలో ఎవరి చేయో పోల్చుకుంటారు. స్వరాలు రాసిన కాగితం ఈ తేడాను చెప్పలేదు.

‘బ్లూస్ వేరు, శాస్త్రీయం వేరు’ అనే ఆక్షేపణ నేను విన్నదే. రెండూ వేరే. బ్లూస్‌లో రాగం లేదు, మన గమకం లేదు, సంప్రదాయం వేరు. నేను రెంటినీ ఒకటి చేయడం లేదు. మాటలు తీసేసినప్పుడు వాద్యకారుడి కర్తృత్వం ఎక్కడ మిగులుతుందో చూపడానికి ఇంత నిష్కర్షైన ఉదాహరణ నాకు దొరకలేదు. అది కుడిచేతిలో మిగులుతుంది: నఖంలో, మీటులో, కమాను ఒత్తిడిలో. మళ్లీ వాయించినవాడు మూలానికి ద్రోహి కాడు. మూలం ఎవరిదో చెప్పకుండా వాయించినవాడే దోషి.

మన పాఠ్యగ్రంథాలు గమకాలు పలికించే ఎడమచేతికి గుర్తులు కల్పించాయి. కమాను పైకో కిందికో, ఎన్ని స్వరాలకు ఒక లాగుడో, ఏ వేలి మీటో, వీటిని గురువు ఒళ్లోనే వదిలేశాయి. గురువుతోపాటు అవీ పోతున్నాయి. అందుకే ఇప్పుడు నేను భైరవి రాగ అట తాళ వర్ణం ‘విరిబోణి’ని ఉత్తరాంధ్ర వైణికుల, ఫిడేలు విద్వాంసుల చేతుల్లో పక్కపక్కన పెట్టి, ప్రతి మీటునూ ప్రతి కమాను లాగుడునూ రాస్తున్నాను.

విజయనగరం, బొబ్బిలి, సాలూరు, శ్రీకాకుళం ఇళ్లలో పాత స్పూల్ టేపులు, క్యాసెట్లు, కమాను గుర్తులున్న పాఠాల నోటుపుస్తకాలు ఉంటే దయచేసి పారవేయకండి. ప్రతి తీయించుకుని అసలు మీకే తిరిగి ఇస్తాను. ఎవరి చేయో వారి పేరుతోనే అచ్చువేస్తాను.