చూసుకునేవారి ఒంట్లో టీకా

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన మీ ఇంటివాళ్లకూ అభినందనలు. మనం కూర్చున్న ఈ నారపల్లి నుంచి హైదరాబాద్ నగరం వైపు వెళ్తే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, అది దాటితే హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధన సంస్థలు వస్తాయి. నగరానికి ఉత్తరాన జీనోమ్ వ్యాలీలో రూపొందిన కోవిడ్ టీకా కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర అనుమతి దొరికింది. అదే ఏడాది డిసెంబరులో బయలాజికల్-ఇ వారి కోర్బెవ్యాక్స్‌కూ దొరికింది. మీలో కొందరు రేపటి నుంచి ఇలాంటి ల్యాబుల్లో, కంపెనీల్లో పనిచేయబోతున్నారు. అందుకే ఈ పూట టీకాల గురించి మాట్లాడదలిచాను. అయితే సీసాలో ఉన్న మందు దాకా వచ్చి ఆగిపోను. టీకా మన ఒంటికి శత్రువు ఆనవాళ్లు చెబుతుంది. వాటిని గుర్తుపెట్టుకుని, యాంటీబాడీలు తయారుచేసుకుని, అవసరమైనప్పుడు పోరాడవలసింది ఒళ్లే. ఆ ఒళ్లు ఏళ్ల తరబడి నలిగిపోయి ఉంటే ఏమవుతుంది? జబ్బుపడిన భర్తనో భార్యనో రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే డెబ్బై ఏళ్ల మనిషి ఒంట్లో ఆ టీకా ఎంతవరకు పనిచేస్తుంది? చూసుకునేవారికి దొరికే విశ్రాంతిని కూడా టీకాల కార్యక్రమంలో భాగంగా లెక్కించాలన్నది నా వాదన. అందుకు ఆధారాలు ముందు మీ ముందుంచుతాను.

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేజర్, రొనాల్డ్ గ్లేజర్ బృందం 1996లో ఒక అధ్యయనం ప్రచురించింది. డిమెన్షియా వచ్చిన భార్యను గానీ భర్తను గానీ చూసుకుంటున్న 32 మంది వృద్ధులను తీసుకున్నారు. వయసులో, రాబడిలో వాళ్లకు సరిపోలుతూ అలాంటి బాధ్యత లేని మరో 32 మందిని ఎంచుకున్నారు. అందరికీ ఒకే ఫ్లూ టీకా వేశారు. యాంటీబాడీలు నాలుగు రెట్లు పెరిగితే టీకాకు ఒళ్లు బాగా స్పందించిందని ఆ రంగంలో ఒప్పుకున్న కొలత. బాధ్యత లేనివారిలో 66 శాతం మంది ఆ గీత దాటారు. చూసుకునేవారిలో దాటినవారు 38 శాతమే. మూడేళ్ల తర్వాత, 1999లో, బ్రిటన్‌లో కవితా వేదార బృందం 50 మంది సంరక్షకులను, 67 మంది ఇతరులను పరీక్షించి లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. అక్కడ నాలుగు రెట్లు పెరిగినవారు సంరక్షకుల్లో 16 శాతం, మిగతావారిలో 39 శాతం. దేశం వేరు, బృందం వేరు, ఆ ఏడాది ఫ్లూ రకాలూ వేరు. తేడా మాత్రం ఒకే దిశలో ఉంది. ఆ సంరక్షకుల లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ కూడా ఎక్కువగా కనిపించింది.

కార్టిసాల్ అపకారి ఏమీ కాదు. పొద్దున్నే మనల్ని లేపేదీ, ప్రమాదం వస్తే ఒంటికి సత్తువ అందించేదీ అదే. చిక్కంతా అది తగ్గవలసిన వేళకు తగ్గకపోవడంలో ఉంది. రాత్రి మూడింటికి లేచి తలుపు గడియ తీసుకుని బయటికి వెళ్లబోయే మనిషిని ఆపడం, అన్నం తిన్న పది నిమిషాలకే తినలేదని గొడవ చేస్తే సముదాయించడం, నువ్వెవరని అడిగితే మళ్లీ పేరు చెప్పడం: ఇవి ఒక రోజుతో పోయే కష్టాలు కావు. ఇలాంటి ఒత్తిడి తెరిపి లేకుండా సాగినప్పుడు రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలు బలహీనపడతాయి. 1996 అధ్యయనంలో సంరక్షకుల కణాలు ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేతాన్ని తక్కువగా విడుదల చేశాయి. ఆ సంకేతం తగ్గితే యాంటీబాడీల తయారీ కూడా మందగిస్తుంది. అదే బృందం అంతకుముందు, 1995లో ప్రచురించిన అధ్యయనంలో, 13 మంది సంరక్షకురాళ్ల చేతి మీద చిన్న గాయం చేసి మానేదాకా గమనించింది. ఇతర స్త్రీలతో పోలిస్తే వాళ్ల గాయం మానడానికి సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది.

ఇక్కడ మీలో గణాంకాలు చదివినవారికి అభ్యంతరం రావాలి, వస్తే సంతోషిస్తాను. 32, 50, 13: ఇవి చిన్న అంకెలు. యాంటీబాడీ తగ్గినంత మాత్రాన మనిషి ఫ్లూతో మంచాన పడతాడని కూడా కాదు. నిద్రలేమి, నడక లేకపోవడం, వేళ తప్పిన తిండి కూడా కారణాలు కావచ్చు. మొదటి రెండు అభ్యంతరాలనూ ఒప్పుకుంటాను. అందుకే ఈ అధ్యయనాల నుంచి ఒక వ్యక్తి జాతకం చెప్పకూడదు. మూడోది నా వాదనకు అడ్డు రాదు. నిద్ర, నడక, తిండి ఎక్కడికి పోయాయి? ఆ చాకిరీ మింగేసింది. వాటిని పక్కనపెట్టి అసలు ఒత్తిడి ఎంత అని అడగడం, వాన నీటిని లెక్కలోంచి తీసేసి వరద ఎందుకొచ్చిందని అడగడం లాంటిది. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. 2013లో ప్రచురించిన అధ్యయనంలో డేవిడ్ రాత్ బృందం అమెరికాలో 3,503 మంది సంరక్షకులను, వాళ్లతో సరిపోలే అంతే మంది ఇతరులను ఆరేళ్లు గమనించింది. మరణాలు సంరక్షకుల్లోనే 18 శాతం తక్కువ. మరి సేవ మనిషికి మేలు చేస్తున్నట్టే కదా?

చేస్తుంది, చేయగలదు. ఈ ఫలితాన్ని పక్కకు నెట్టకుండా ఇంకో అధ్యయనం పక్కన పెట్టి చూడండి. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ 1999లో వృద్ధ దంపతుల మీద నాలుగేళ్ల అధ్యయనం ప్రచురించారు. సేవలో నలిగిపోతున్నామని చెప్పిన భార్యాభర్తల్లో, ఆ బాధ్యత లేనివారికన్నా, మరణాల ప్రమాదం 63 శాతం ఎక్కువగా ఉంది. సేవ చేస్తూనే అలా నలిగిపోని వారిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రాత్ బృందం లెక్కలో రకరకాల సంరక్షకులున్నారు, అప్పుడప్పుడూ చేయూతనిచ్చేవారితో సహా. ఒహాయో, బ్రిటన్ టీకా అధ్యయనాల్లో ఉన్నవారు డిమెన్షియా వచ్చిన జీవిత భాగస్వామిని కనిపెట్టుకుని ఉన్నవారు. వీటన్నిటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: ఒళ్లు గుల్లయ్యేది సేవ వల్ల కాదు, ఆ సేవను ఒక్కరే, విరామం లేకుండా, ఏళ్ల తరబడి మోయడం వల్ల.

ఇది పాశ్చాత్యుల సమస్య, మనకు ఉమ్మడి కుటుంబాలున్నాయి అనే మాట తరచూ వినిపిస్తుంది. ఇల్లు నిండా మనుషులున్నా పని ఎవరి మీద పడుతుందో చూడాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లో వాళ్లను చూసుకునే పనిలో పాలుపంచుకునేవారు స్త్రీలలో 27.6 శాతం, పురుషుల్లో 14 శాతం. మరోపక్క 2023లో వెలువడిన ఒక జాతీయ అంచనా ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. ఆ 88 లక్షల మంది పక్కనా ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. ఈ జబ్బు మీద మన నగరం ప్రపంచానికి చెప్పుకోదగ్గ పరిశోధన ఇచ్చింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లో చూపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన హైదరాబాద్ వల్లే సాధ్యమైన పరిశోధన అది. రోగి మీద పెట్టిన అంత శ్రద్ధా ఆ మంచం పక్కన కూర్చున్న మనిషి మీద కూడా పెట్టగల శాస్త్రజ్ఞులు ఈ ఊరికి ఉన్నారు.

ఒళ్లు సరిగ్గా స్పందించకపోతే టీకానే బలంగా తయారుచేయవచ్చు కదా అని ఇంజనీరు మనసు అడుగుతుంది. వృద్ధుల కోసం ఆ పని చేశారు. మామూలు మోతాదుకు నాలుగు రెట్లు యాంటిజెన్, అంటే శత్రువు ఆనవాళ్లు, ఉన్న ఫ్లూ టీకాకు 2009లో అమెరికాలో అనుమతి వచ్చింది, మామూలు టీకా కన్నా మెరుగ్గా పనిచేస్తోందని పెద్ద ప్రయోగంలో రుజువైంది కూడా. అలాంటివి ఇక్కడా రావాలి, అందరికీ అందుబాటు ధరలో. అయితే టీకాను కాక ఒంటిని బాగుచేసే రెండో దారి కూడా ఖాళీగా లేదు. వేదార బృందమే 2003లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు సంరక్షకులకు ఒత్తిడిని తట్టుకునే శిక్షణ ఇచ్చి, తర్వాత ఫ్లూ టీకా వేసింది. శిక్షణ పొందినవారిలో 50 శాతం మంది బాగా స్పందించారు. పొందని సంరక్షకుల్లో 7 శాతమే. చిన్న ప్రయోగమే, పెద్దది చేసి చూడాలి. కానీ అది చెబుతున్న విషయం చాలా విలువైనది: ఆ బలహీనత వెనక్కి తిప్పలేనిది కాదు.

పేద దేశానికి ఇదంతా ఖర్చు అనేవారికి ఒక్క సమాధానం. కొత్తగా ఆసుపత్రులు కట్టమని అడగడం లేదు. బ్రిటన్‌లో వృద్ధులకో వికలాంగులకో ప్రధాన సంరక్షకులైన వారికి ప్రభుత్వమే ఉచితంగా ఫ్లూ టీకా వేస్తుంది. మన సార్వత్రిక టీకాల కార్యక్రమం పసిపిల్లల కోసం, గర్భిణుల కోసం పుట్టింది. వృద్ధుల ఫ్లూ టీకా అందులో లేదు. మన జిల్లాల్లో పాలియేటివ్ కేర్ బృందాలు ఇప్పటికే ఇళ్లకు వెళ్తున్నాయి. మంచం మీది మనిషి బీపీ చూసినప్పుడే పక్కనున్న మనిషి బీపీ కూడా చూడవచ్చు, ఆమె టీకాల గురించి అడగవచ్చు, వారానికి రెండు పూటలు ఆమె స్థానంలో కూర్చోవడానికి శిక్షణ పొందిన ఒక మనిషిని పంపవచ్చు. మీలో ఆరోగ్య సాఫ్ట్‌వేర్ రాసేవారు టీకా నమోదు పత్రంలో, ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నారా, రోజుకు ఎన్ని గంటలు, అనే రెండు గడులు పెట్టండి. టీకా ప్రయోగాల్లో పనిచేయబోయేవారు వయసు, షుగరు, బీపీలతో పాటు ఆ వివరమూ సేకరించండి. ఇక మీ అందరికీ వర్తించేది ఒకటుంది. రేపు మీరు పోచారం వెళ్లినా, గచ్చిబౌలి వెళ్లినా, డల్లాస్ వెళ్లినా, ఇంట్లో తాతయ్యనో నాన్ననో చూసుకునే బరువు మీరు వదిలివెళ్లే ఒక్క మనిషి మీదే పడుతుంది. ఏ పూట ఎవరు ఉంటారు, రాత్రిళ్లు ఎవరు లేస్తారు, డబ్బు ఎవరు పంపుతారు, ఆమెకు టీకా ఎవరు వేయిస్తారు అన్నది అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని తేల్చుకోండి. ఉద్యోగంలో చేరే తేదీ ఖరారు చేసుకునే ముందే ఆ మాట జరగాలి.