బయానా సొమ్ము ఎవరిది?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము ముగిసినది. ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. అయితే చేతికి వచ్చియు ఆదాయము కాని సొమ్మొకటి మన పెట్టెలలో ఉండును. సరుకు తయారు కాకముందే కొనుగోలుదారు ఇచ్చెడి బయానా, అనగా అడ్వాన్సు, అట్టిది.

మన పెద్దలు మగ్గమును నమ్ముకొని ఈ సోలాపూరు చేరినారు. నేడు మనలో పలువురు దుప్పట్లు, తువ్వాళ్ళు నేయించెడి కార్ఖానాదారులు. కనుక మన లెక్కతోనే మనవి చేసెదము.

10 లక్షల రూపాయల తువ్వాళ్ళకు ఆర్డరు వచ్చినదనుకొందము. బయానా 3 లక్షలు. పన్నుల మాట ప్రక్కనుంచుదము. ఆ దినమున ఆస్తి అప్పుల పట్టీలో నగదు 3 లక్షలు పెరిగినది. రెండవ వైపున, 'కొనుగోలుదారుల అడ్వాన్సులు' అను పద్దు క్రింద, అప్పు కూడ 3 లక్షలు పెరిగినది. లాభనష్టాల ఖాతాలో ఒక్క పైస చేరరాదు. మనమింకను ఒక్క తువ్వాలైన ఇవ్వలేదు గదా! ఈ అప్పు తీరవలసినది సరుకుతో. సగము సరుకు అప్పగించిన నాడు 5 లక్షలు అమ్మకము. అందులో లక్షన్నర బయానా నుండి చెల్లు. మూడున్నర లక్షలు మనకు రావలసిన బాకీ. బయానాలో మిగిలిన లక్షన్నర ఇంకను అప్పే.

ఈ పాఠమును మేము పుస్తకములో నేర్వలేదు. ఒక యేడు చేతికందిన బయానాను లాభమని తలచి మేడమీద గది కట్టించినాము. అంతలో నూలు ధర పెరిగినది. నూలు కొనుటకు సొమ్ము లేక, వడ్డీకి తెచ్చి సరుకు పంపినాము. ఆ గది నేటికిని మాకు బుద్ధి చెప్పుచున్నది.

ఇక వాటాలు కొనువారికి ఒక మాట. 2018 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఇండ్ ఏ.ఎస్. 115 ప్రమాణమును పాటించు కంపెనీల లెక్కలలో ఈ పద్దు 'కాంట్రాక్టు బాధ్యత' అను పేర కనబడును. చేతిలోని నగదులో బయానా పాలెంతయో చూడుడు. బయానా యేటేట పెరుగుచు అమ్మకము పెరగనిచో, సరుకు ఏల కదలుట లేదని అడుగుడు. 2014 నాటి డిపాజిట్ల నియమముల ప్రకారము, కంపెనీ సరుకుకై తీసికొన్న అడ్వాన్సు సామాన్యముగా 365 దినములలో సరుకుకు చెల్లు కావలెను. కానిచో అది డిపాజిట్టుగా ఎంచబడును. బెంగుళూరి హిందుస్థాన్ ఏరోనాటిక్సు వంటి విమాన నిర్మాతల సంగతి వేరు. అచ్చట పని సంవత్సరములు సాగును గనుక పెద్ద బయానా సహజమే.

ఉగాది వేళకే ఏప్రిల్ నెల కొత్త లెక్కలును వచ్చుచున్నవి. ఆవర్జాలో బయానాకు వేరొక పుట ఉంచుడు. పరుల సొమ్మును పరులదిగా వ్రాసికొన్న ఇంట సరుకు వేళకు వెళ్ళును, మాట నిలుచును.