పరగడుపు అంటే ఛాయ్ కూడా వద్దు



ఒక అక్క కథ వినండి. ఆమెది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు పల్లె. ఆ దిక్కు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏండ్ల తరబడి ఆ నీళ్లు తాగి ఆమెకు మోకాళ్లు పట్టుకుపోయాయి. పత్తి ఏరబోవాలంటే నొప్పుల గోళీ మింగాలి. దుకాణంలో కొనేది. ఉత్త కడుపున మింగేది. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలైంది. మలం నల్లగా పడింది.

డాక్టరమ్మ చూసింది. "నొప్పుల గోళీలతో కడుపుల పుండు పడొచ్చు. లోపల నెత్తురు కారితే మలం నల్లబడుతది. ఎండోస్కోపీ చెయ్యాలె" అన్నది. చీటీ రాసిచ్చింది.

ఎండోస్కోపీ అంటే ఏమిటి? సన్నని గొట్టం. దాని కొసకు దీపం, కెమెరా ఉంటాయి. నోట్లో నుంచి కడుపులోకి పంపి చూస్తారు. కోత లేదు, కుట్టు లేదు. 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే డాక్టరు కత్తులు మింగే గారడీవానికి గొట్టం మింగించి చూశాడు. ఆ గొట్టం వంగదు. ఇప్పటి గొట్టం మెత్తగా వంగుతుంది. చూడడం కొద్ది నిమిషాల పని.

అక్క పట్నం బయలుదేరింది. బస్టాండులో ఛాయ్ తాగింది. "అన్నం తినలేదు గదా" అనుకున్నది.

దవాఖానలో నర్సమ్మ అడిగింది. "ఏమన్న తిన్నవా? తాగినవా?"

అక్క గుండె దడదడలాడింది. చెప్తే పరీక్ష ఆపుతారు. ఒకరోజు కూలి పోయినట్టే. దాచాలా? కాసేపు ఆగి నిజమే చెప్పింది.

నర్సమ్మ కోప్పడలేదు. "మంచిగ చెప్పినవ్. కడుపుల తిండి, పాలు ఉంటే పుండు కనపడది. వాంతయి ఊపిరితిత్తులల్లకు పోతే పానం మీదికొస్తది. రేపు రా" అన్నది.

అక్క చీటీ తీసింది. అది ఇంగ్లీషులో ఉన్నది. "తెలుగుల రాసియ్యమ్మా. నాకు చదువొస్తది" అన్నది. నర్సమ్మ రాసింది. అక్క కూడబలుక్కొని చదివింది.

రాత్రి తేలికగా తినాలి. ఆ తర్వాత 8 గంటలు ఏమీ తినొద్దు.

ఛాయ్, పాలు, కల్లు, పొగాకు వద్దు. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో అడగాలి.

షుగర్ మందులు, నెత్తురు పలచబడే మందులు వాడితే ముందే చెప్పాలి. సొంతంగా ఆపొద్దు.

కడుపుతో ఉంటే చెప్పాలి. కట్టుడు పళ్లు తీయాలి.

తోడు ఒకరిని తెచ్చుకోవాలి. మత్తు ఇస్తే ఒంటరిగా పోవద్దు.

గొంతుకు మొద్దుబారే మందు వేస్తారు. తిమ్మిరి పోయేదాకా ఏమీ తినొద్దు, తాగొద్దు.

ఆ రాత్రి అక్క చుట్టాలింట్లో ఉన్నది. చీటీలో రాసినట్టే చేసింది. మరునాడు పరీక్ష అయింది. పుండు కనపడింది. మందు దొరికింది. దుకాణం గోళీలు బంద్ చేసింది.

అక్కలారా! మలం నల్లగా పడినా, నెత్తురు కక్కినా ఆలస్యం చేయకండి. ఆ రోజే దవాఖానకు పోండి. చీటీ చదవండి. అర్థం కాకుంటే అడగండి. తిన్నది, తాగింది దాచకండి.