క్వార్టర్ నంబర్ చెప్పిన మనిషి

పెద్దపల్లిలో వైద్యుల సభ కాబట్టి బీపీ, షుగర్ల మీద మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడతాను.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ పత్రం మీకు తెలిసిందే. అరవై దాటినవాళ్లను అందులో ఒక మాట అడుగుతారు: దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా అని. గోదావరిఖని వైపు ఒక పెద్దాయనను ఇదే అడిగారు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో తట్టా చెమ్మాసు పట్టిన మనిషి. కొడుకుల పేర్లు వరసగా చెప్పాడు, క్వార్టర్ నంబర్ తడుముకోకుండా చెప్పాడు. 'లేదు' దగ్గర టిక్కు పడింది. ఆయన రిటైరై ఆ క్వార్టర్ ఖాళీ చేసి అప్పటికి ఏడేళ్లు! పక్కనే ఉన్న కోడలిని ఎవరూ అడగలేదు. తర్వాత ఆమే నాతో అంది: "మామ పైసలు లెక్కవెట్టుడు మరిచిండు సారూ. అడిగిందే మళ్ల అడుగుతుండు. చాదస్తమనుకున్నం."

ఈ 'చాదస్తం' కింద ఎంత జబ్బు దాగిందో! డిమెన్షియాకు పత్రికలు రాసే 'చిత్తవైకల్యం' ఇంకా చేటు. ఆ మాట చెవిన పడితే పిచ్చి అంటున్నారనుకుని దవాఖాన మెట్లే ఎక్కరు. నాకు 'మతిమరుపు జబ్బు' చాలు, పండితులు మన్నించాలి. 2023లో అచ్చయిన లాసీ-డాడ్ అధ్యయనం లెక్కలో అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ జబ్బుతో ఉన్నారు. ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ.

పట్టుకోవడం ఎలా? 1975 నాటి ఫోల్‌స్టీన్ పరీక్ష వాక్యం రాయమంటుంది, బొమ్మ చూసి గీయమంటుంది. పలక పట్టని చేతులకు అదేం పరీక్ష? హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం గంగూలీ బృందం 1995లో దాన్ని చదువురానివాళ్లకు తగ్గట్టు హిందీలో మార్చింది. చదువు లేకపోయినా భాషలు అక్కరకొస్తాయట: హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి తిట్టుకునే మన బాయి దోస్తులకు ఇది కాస్త ఊరట.

కానీ వాళ్ల చెవుల సంగతి? డ్రిల్లు మోతలో, షాట్ల మోతలో గడిచిన చెవులు. వినబడక తప్పు జవాబిస్తే మతి పోయిందని రాసేస్తాం. ముందు గులిమి ఉందేమో చూడండి. థైరాయిడ్, బీ12, దిగులు కూడా మతిమరుపు వేషం వేస్తాయి. ఈ జబ్బుకు తగ్గించుకోగలవని 2024 లాన్సెట్ కమిషన్ చెప్పిన 14 ముప్పు కారణాల్లో వినికిడి లోపం, బీపీ, షుగర్, పొగ అన్నీ ఉన్నాయి. వాటిని పీహెచ్‌సీలో మనమే చూడగలం.

ఊరంతటినీ జల్లెడ పట్టమని నేననను. లక్షణాలు లేని పెద్దలందరినీ పరీక్షించాలనడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2020లో తేల్చింది. బీపీ గోళీలకు ఎలాగూ వస్తారు కదా, అప్పుడు వెంట వచ్చినవాళ్లను అడగండి: పోయినేటికీ ఇప్పటికీ పైసల లెక్కలో, మందులు వేసుకోవడంలో, బజారుకు పోయి రావడంలో ఏమన్నా తేడా వచ్చిందా?

నా ప్రశ్న మీ సంచుల్లోని కాగితం మీద ఉంది. దాన్ని ఆశా అక్కల నోట పలికే తెలుగులోకి దిద్ది, భోజనాలకు లేచేలోగా నాకివ్వండి.