ఒకరి మాట, పదుగురి నడత



మనుషుల అభిప్రాయాలు ఎలా మారుతాయన్న ప్రశ్నకు గణితం కొంత సమాధానం చెప్పగలదు. అమెరికా గణాంక శాస్త్రజ్ఞుడు మోరిస్ డిగ్రూట్ 1974లో ఒక నమూనాను ప్రతిపాదించాడు. అందులో ప్రతి వ్యక్తీ తన మాటకు కొంత, ఇతరుల మాటకు కొంత విలువనిచ్చి, సగటు కట్టి కొత్త అభిప్రాయం ఏర్పరచుకుంటాడు. ఒక మంచి పనికి ఇంటికి ఎంత చందా వేయాలన్న చర్చలో ముగ్గురు వరుసగా 0, 40, 80 రూపాయలు అన్నారనుకుందాం. ప్రతివారూ తమ మాటకు సగం, తక్కిన ఇద్దరి మాటకు పావు వంతు చొప్పున విలువ ఇస్తే, తొలి విడత చర్చకు ఆ అంకెలు 30, 40, 50 అవుతాయి. చర్చ సాగినకొద్దీ ముగ్గురూ 40కి చేరువవుతారు. సున్నా అన్నవాడు మాత్రం ఎవరి మాటా వినక భీష్మించుకుంటే, తక్కిన ఇద్దరూ క్రమంగా సున్నాకే దిగిపోతారు. వినేవారి నడుమ విననివాడు ఒక్కడుంటే తుదకు వాని మాటే నెగ్గుతుందన్నది ఈ లెక్క చేసే హెచ్చరిక.

అభిప్రాయం కలగడం ఒక ఎత్తు, దానికై అడుగు వేయడం మరొక ఎత్తు. ఈ రెండవదానిని మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978లో లెక్కించి చూపాడు. నూరుగురిలో మొదటివాడు ఎవరికోసమూ ఆగడు. రెండవవాడు ఒకరు, మూడవవాడు ఇద్దరు కదిలిన పిమ్మటనే కదులుతాడు. ఈ వరుసలో నూరుగురూ కదులుతారు. ఆ రెండవవాడు తానూ ఇద్దరికోసం ఆగితే, కదలిక మొదటి మనిషితోనే ఆగిపోతుంది.

తెలుగునాట దీనికి నిదర్శనం నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారా తెచ్చే చేటును గూర్చి చదివి, చర్చించుకొని, 1992లో తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. ఇంటింటా విడివిడిగా అణగి ఉన్న వేదన అందరిదీ అని ఆ తరగతిలో తేలింది. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలైంది.

హిమాయత్‌నగర్ వంటి సరిహద్దు సీమలో తెలుగు బడి భవితవ్యమూ ఈ లెక్కకు లోబడినదే. బడిపై మక్కువ ప్రతి ఇంటా ఉండవచ్చు. అయినా పొరుగువారు పంపితే చూద్దామని అందరూ ఎదురుచూస్తే తరగతి గది ఖాళీ అవుతుంది. కనుక మొదట బిడ్డను పంపే ఇల్లు ఎంత విలువైనదో, దానిని చూచి ఆగక పంపే రెండవ ఇల్లూ అంతే విలువైనది. డెబ్బది అయిదేళ్ల బడి రేపటికి నిలవడానికి ఆ రెండవ అడుగే ఆధారం.