రాక్షస గుళ్ళు రాక్షసులవి కావు, మనుషుల బొందలు
(దళితవాడలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము చెప్పబోయేది దేవుళ్ళ గురించి కాదు, రాజుల గురించీ కాదు. ఎప్పుడో చచ్చిపోయిన మామూలు మనుషుల గురించి. బతికినోళ్ళకే జాగా లేకపోతే సచ్చినోళ్ళ సంగతి ఎందుకయ్యా అని మీరు అడగొచ్చు. ఆ జాగా సంగతి మాట్లాడడానికే మేము వచ్చినాం.

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గుట్టల పక్కన, మేత బీళ్ళలో రాతి గూళ్ళు ఉంటాయి. నాలుగు పక్కలా బండ పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పి ఉంటారు. కొన్నిటికి ఒక పలకలో గుండ్రంగా కంత తొలిచి ఉంటాది. చుట్టూ రాళ్ళు వలయంగా పేర్చి ఉంటారు. వీటిని మనోళ్ళు పాండవుల గుళ్ళు అంటారు, రాక్షస గుళ్ళు అంటారు. చిత్తూరు దగ్గరి ఇట్లాంటి గూళ్ళ మీద న్యూబోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి రాసిన వ్యాసం 1852లోనే లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంటే ఇవి బొందలని చదువుకున్నోళ్ళకు తెలిసి నూట డెబ్బై ఏళ్ళు దాటింది. మన పల్లెలకు మాత్రం ఆ మాట ఎవరూ వచ్చి చెప్పలేదు.

పాండవులూ కట్టలేదు, రాక్షసులూ కట్టలేదు. ఇనుము కరిగించి కొడవలీ కత్తీ చేసుకున్నవాళ్ళు, పశువుల్ని మేపినవాళ్ళు, మట్టి కాల్చినవాళ్ళు కట్టినారు. ఎక్కువ భాగం రెండు వేల నుంచి మూడు వేల ఏండ్ల కిందటివి. కర్ణాటకలో బ్రహ్మగిరి దగ్గర 1947లో వీలర్ అనే పురావస్తు అధికారి తవ్వించినాడు. నాగార్జునసాగర్ నీళ్ళు ముంచక ముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వినారు. ఇట్లాంటి బొందల్లో దొరికినవి లోపల నలుపు, బయట ఎరుపు కుండలు, ఇనప పనిముట్లు, పూసలు, మనుషుల ఎముకలు. చాలా చోట్ల పీనుగను నేరుగా పెట్టలేదు. వేరే చోట ఉంచి, మాంసం పోయినాక ఎముకలు ఏరి తెచ్చి పెట్టినారు. పక్క కడప జిల్లా సంకవరంలో పొట్టేలు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక దొరికింది. సచ్చినోళ్ళ మీద వాళ్ళకు ఎంత ప్రేమ ఉండిందో చూడండి.

ఎముకను చూసి ఏం తెలుస్తాదని మా బళ్ళో పిల్లకాయలు అడుగుతారు. చానా తెలుస్తాది. పండ్లను బట్టి వయసు చెప్తారు. నడుము ఎముకను బట్టి ఆడో మగో చెప్తారు. చిన్నప్పుడు కరువో, పెద్ద జబ్బో వచ్చి ఉంటే పంటి పైపూత మీద గీతలు పడి ఉంటాయి. రోజూ మోపులు మోసిన వాళ్ళ కీళ్ళు అరిగి ఉంటాయి. ఏం తిన్నారో కూడా ఎముకలోని రసాయనాలను బట్టి చెప్పొచ్చు. కష్టం చేసినోడి కష్టం ఏ రాజశాసనంలో రాయకపోయినా వాడి ఎముకలో రాసి ఉంటాది.

అయితే కులం రాసి ఉండదు. ఉందని నిరూపించాలని చూసినవాళ్ళు లేకపోలేదు. తెల్లదొరల కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మనోళ్ళ ముక్కులూ తలలూ కొలిచినాడు. ముక్కు వెడల్పయ్యే కొద్దీ కులం తక్కువని రిస్లే సిద్ధాంతం చేసినాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకంలో అట్లాంటి కొలతలనే తీసుకొని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ వేరు వేరు జాతులు కారని వాదించినాడు. అంటరానితనం క్రీస్తు శకం 400 ప్రాంతంలో పుట్టిందని ఆయన లెక్క కట్టినాడు.

ఆ మాటకు దగ్గరగా వచ్చే సంగతి ఇంకొకటి చెప్తాం. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలూ అమెరికా శాస్త్రవేత్తలూ కలిసి ఈ కాలపు మనుషుల డీఎన్ఏ పరీక్షించి 2013లో ఒక పరిశోధన అచ్చు వేసినారు. 4,200 ఏండ్ల కిందటి నుంచి 1,900 ఏండ్ల కిందటి దాకా ఈ దేశంలో జనం బాగా కలిసిపోయినారని, ఆ తర్వాత కులం లోపలే పెండ్లి అనే కట్టడి బిగుసుకుందని తేల్చినారు. అంటే మన గుట్టల మీద ఆ గూళ్ళు కట్టిన కాలం చాలా మటుకు మనుషులు కలిసిన కాలమే. కులం ఆది నుంచీ ఉన్నది కాదు. మధ్యలో వచ్చింది మధ్యలో పోతాది కూడా.

ఆ కాలంలో అందరూ సమానమని మాత్రం మేము చెప్పడం లేదు. అంత పెద్ద బండలు లాగి బొంద కట్టడం అందరికీ జరిగింది కాదు. కొందరికే జరిగింది. బండలు మోసినోళ్ళ బొందలు ఎక్కడున్నాయో ఎవరు చూపిస్తారు? గొప్ప కోసం అబద్ధం చెప్పుకుంటే మనకూ పురాణం చెప్పేవాళ్ళకూ తేడా ఉండదు. ఆ బొందల్లోని వాళ్ళు మాలోళ్ళనో, మాదిగోళ్ళనో, ఇంకొకరనో చెప్పడానికి ఆధారం లేదు. వాళ్ళు ఈ నేలలో ఉన్న అందరికీ పెద్దలు.

ఇప్పుడు మన సంగతికి వస్తాం. ఊరోళ్ళకు ఏటి గట్టున శ్మశానం, దానికి దోవ, కంచె ఉంటాయి. మనకు వంక పోరంబోకులో రెండు సెంట్లు, దోవ ఉండదు. వానాకాలం పీనుగను మోకాటి లోతు నీళ్ళలో మోసుకుపోతాం. ఊళ్ళో ఎవరు సచ్చినా గుంత తవ్వేది మనం, పలక కొట్టేది మనం. మన పెద్దల్ని పూడ్చిన చోటు ఎవరో దున్నుకుంటే అడగడానికి కాగితం ఉండదు.

చట్టం ఏమంటా ఉందో వినండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినారు. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. మన చేత గుంతలు తవ్వించడం, పశువుల కళేబరాలు మోయించడం నేరం. ఉమ్మడి శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం కూడా నేరమే.

కాబట్టి మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి వాడలో మన శ్మశానం సర్వే నంబరు ఏంది, ఎన్ని సెంట్లు అని రాసుకొని, కొలిపించమని తహసీల్దారుకు అర్జీ పెడదాం. రెండు, గుట్టల మీది గూళ్ళను క్వారీ వాళ్ళు పగలగొడతా ఉంటే, నిధి ఉందని రాత్రిళ్ళు తవ్వతా ఉంటే పురావస్తు శాఖకూ కలెక్టరుకూ తెలపండి. అక్కడ బంగారం లేదు, కుండ పెంకులే ఉంటాయి. ఆ పెంకులే మన చరిత్ర. మూడు, మన పిల్లకాయల్లో ఒక్కరైనా ఈ చదువు చదవాల. ఇన్నాళ్ళూ తవ్వే గడ్డపార మన చేతిలో, రాసే కలం ఇంకొకరి చేతిలో ఉన్నాయి. ఇకమీదట తవ్వేదీ మనమే, చదివేదీ మనమే, రాసేదీ మనమే కావాల.

జై భీమ్.